ఓర్కా 6 రివ్యూ: కాలేజీ ల్యాబు పీసీ మీద క్వాంటమ్ కెమిస్ట్రీ

ఓర్కా అణువుల మీద క్వాంటమ్ కెమిస్ట్రీ లెక్కలు వేసే కంప్యూటర్ ప్రోగ్రాం. దాని ధర సున్నా. నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాబు డెస్క్‌టాప్ మీద నడుస్తుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కావలసిన దానికంటే ఎక్కువే ఇస్తుంది. అయినా ఎక్కించుకున్న కుర్రాళ్లలో చాలామంది రెండో రోజుకే ఒగ్గేస్తారు. అది అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ మార్కుల కోసం చదివి మరిచిపోయిన క్వాంటమ్ కెమిస్ట్రీ పేపర్లో ఉండటమే దీనికి కారణం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పీజీ కెమిస్ట్రీ చదివేవాళ్లు, చెప్పేవాళ్లు దీన్ని వాడొచ్చా అంటే తప్పకుండా వాడొచ్చు. ఎక్కడ దెబ్బ తింటారో ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

జర్మనీలో మ్యూల్‌హైమ్ పట్టణంలో బొగ్గు పరిశోధన కోసం పుట్టిన మాక్స్ ప్లాంక్ సంస్థ ఒకటుంది. అక్కడ ఫ్రాంక్ నీసే బృందం తయారు చేసే ప్రోగ్రామే ఓర్కా. 6.0 వెర్షన్ 2024లో వచ్చింది. విద్యాసంస్థల్లో చదువుకు, పరిశోధనకు ఉచితం, పేరు నమోదు చేసుకుని దించుకోవాలి. కంపెనీ పనికి మాత్రం లైసెన్సు కొనాల్సిందే, దాన్ని ఫ్యాక్ట్స్ అనే సంస్థ అమ్ముతుంది. అంటే పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక కాలేజీ కాపీతో కంపెనీ అణువుల లెక్కలు వేయడం కుదరదు. ఇది మర్యాద సంగతి కాదు, ఒప్పందంలోనే ఉంది.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. క్వాంటమ్ కెమిస్ట్రీ అనే పేరు మన దగ్గర మూడు రకాలుగా చలామణీ అవుతోంది. సిలబస్‌లో అయితే పెట్టెలో కణం, హార్మోనిక్ ఆసిలేటర్, హైడ్రోజన్ పరమాణువు, బ్యూటాడయీన్‌కి హకెల్ లెక్క, అంతటితో సరి. 2025లో అమరావతి క్వాంటమ్ వ్యాలీ వార్తలు మొదలయ్యాక క్వాంటమ్ అనగానే క్వాంటమ్ కంప్యూటరే గుర్తొస్తోంది చాలామందికి. ఇక రెజ్యూమెల్లో అయితే డాకింగ్ (మందు అణువు ప్రోటీన్లో ఎలా ఇముడుతుందో చూడటం) చేసినవాళ్లు కూడా క్వాంటమ్ కెమిస్ట్రీ అని రాసేస్తున్నారు.

అసలు అర్థం చిన్నదే. అణువులోని ఎలక్ట్రాన్లను క్వాంటమ్ మెకానిక్స్ సూత్రాలతో లెక్కగట్టి, దాని ఆకారం, శక్తి, వర్ణపటం, చర్యాశీలత చెప్పడం. ష్రోడింగర్ సమీకరణం 1926లో వస్తే, మరుసటి ఏడాదే హైట్లర్, లండన్ దాన్ని హైడ్రోజన్ అణువుకు పెట్టి రెండు పరమాణువులు ఎందుకు అతుక్కుంటాయో చూపించారు. ఈ శాఖ అక్కడ మొదలైందనే లెక్క. కంప్యూటేషనల్ కెమిస్ట్రీ ఇంతకంటే పెద్ద గొడుగు. మాలిక్యులర్ డైనమిక్స్ (అణువుల కదలికల అనుకరణ), డాకింగ్, క్యూఎస్‌ఏఆర్ (నిర్మాణాన్ని బట్టి ప్రభావం అంచనా వేయడం) అన్నీ దాని కిందికే వస్తాయి. మామూలు డాకింగ్‌లో ఎలక్ట్రాన్ ఊసే ఉండదు, అక్కడ నడిచేది అనుభవంతో కుదిర్చిన మార్కుల పట్టీ. క్వాంటమ్ కంప్యూటర్ విషయానికొస్తే అది యంత్రం, ఇది శాస్త్రం. ఆ యంత్రానికి రేపు బాగా పని పెట్టబోయేది ఇదేనని అంటారు గానీ, ఇవాళ మనం చేసే లెక్కంతా మామూలు సిలికాన్ చిప్పు మీదే.

ఒక ప్రోగ్రాం క్వాంటమ్ కెమిస్ట్రీదో కాదో తేల్చడానికి సులువైన గుర్తు ఉంది. అణువు మీద ఛార్జి ఎంత, జత కుదరని ఎలక్ట్రాన్లు ఎన్ని అని అడుగుతుందా? అడిగితే అది ఎలక్ట్రాన్లను లెక్కపెడుతున్నట్టు. ఓర్కా ఈ రెండింటినీ ఇన్‌పుట్‌లో రెండు అంకెలుగా అడుగుతుంది. మొదటిది ఛార్జి, రెండోది స్పిన్ మల్టిప్లిసిటీ, అంటే జత కుదరని ఎలక్ట్రాన్ల సంఖ్యకు ఒకటి కలిపినది. నీళ్లకైతే 0 1. ఓర్కాతో వచ్చే తిప్పల్లో సగం ఈ రెండంకెల దగ్గరే.

ఎక్కించుకోవడం దగ్గరికొద్దాం. విండోస్‌లో అయితే ఓర్కాతోపాటు మైక్రోసాఫ్ట్ ఎంపీఐ (పనిని కోర్లన్నిటికీ పంచే ప్రోగ్రాం) కూడా కావాలి, లేకపోతే ఒక్క కోరు మీదే నడుస్తుంది. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగదు. నల్ల తెర తెరిచి ప్రోగ్రాం పూర్తి దారి, ఇన్‌పుట్ ఫైలు పేరు, బాణం గుర్తు, అవుట్‌పుట్ ఫైలు పేరు వరసగా కొట్టాలి. లినక్స్‌లో ఓపెన్ ఎంపీఐ కావాలి, అదీ ఓర్కా వెర్షన్‌కు సరిపోయేదే: 6.0కి 4.1.6, పాత 5కి 4.1.1. వేరేది ఉంటే ఒక కోరు మీద బాగానే నడిచి, నాలుగు కోర్లనగానే ఆగిపోతుంది. ఆ ఎర్రరు సందేశంలో ఎంపీఐ పేరు కనిపిస్తే ఇన్‌పుట్‌ను తిరగరాసుకుంటూ కూర్చోకండి, వెర్షన్ చూసుకోండి.

ఉబుంటులో ఇంకో సరదా. ఒట్టిగా ఓర్కా అని కొడితే కంప్యూటర్ గొంతెత్తి ఇంగ్లిషులో మాట్లాడటం మొదలెడుతుంది. ‘ఇదేటి, వైరస్ గానీ పట్టిందేటి’ అని కంగారు పడక్కర్లేదు. చూపు లేనివారి కోసం తెర చదివి వినిపించే ప్రోగ్రాం పేరూ అదే. మన ఓర్కాకు ఎప్పుడూ పూర్తి దారి ఇవ్వాలి. ఒకటికంటే ఎక్కువ కోర్లు వాడాలన్నా పూర్తి దారి తప్పనిసరి. ఫోల్డరు పేర్లలో ఖాళీలు పెట్టొద్దు.

ఇన్‌పుట్ ఫైలు అరపేజీ కూడా ఉండదు. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే మొదటి లైనులో పద్ధతి, బేసిస్ సెట్ (ఆర్బిటళ్లను కట్టే గణిత ప్రమేయాల జట్టు), చేయాల్సిన పని. ఉదాహరణకు బీ3ఎల్‌వైపీ (పద్ధతి), డీ3బీజే (దానికి డిస్పర్షన్ సవరణ), డెఫ్2-ఎస్‌వీపీ (బేసిస్), ఆప్ట్ (ఆకారం కుదర్చడం), ఫ్రెక్ (కంపనాలు). రెండో లైను శాతం గుర్తుతో మొదలవుతుంది, అందులో పాల్ అని రాసి కోర్లు 4. మూడో లైనులో మాక్స్‌కోర్. ఆ తర్వాత నక్షత్రం గుర్తు, ఎక్స్‌వైజడ్ అనే మాట, ఆ రెండంకెలు, కింద పరమాణువుల స్థానాలు, చివర మళ్లీ నక్షత్రం. స్థానాల కోసం అవొగాడ్రో అనే ఉచిత ప్రోగ్రాంలో అణువు గీసుకుని కాపీ చేసుకోవచ్చు. కానీ పాత అవొగాడ్రో తయారుచేసి ఇచ్చే ఓర్కా ఇన్‌పుట్‌ను నమ్మొద్దు. యూట్యూబ్ పాఠాల్లో చెప్పే గ్రిడ్4, ఫైనల్‌గ్రిడ్5 (లెక్క వేసే బిందువుల జాలం ఎంత దట్టంగా ఉండాలో చెప్పే మాటలు) కూడా అంతే, 5వ వెర్షన్ నుంచి వాటికి కాలం చెల్లింది. ఇప్పుడు డెఫ్‌గ్రిడ్1, 2, 3 ఉన్నాయి, ఏమీ రాయకపోతే 2 తీసుకుంటుంది, చాలా పనులకు అదే చాలు.

మాక్స్‌కోర్ దగ్గర చాలా పీసీలు బిగుసుకుపోతాయి. ఆ అంకె మొత్తానికి కాదు, ఒక్కో కోరుకు ఎన్ని మెగాబైట్లు అని. పైగా ఓర్కా అప్పుడప్పుడు చెప్పిన హద్దు దాటుతుంది. అందుకే ఉన్న ర్యామ్‌లో ముప్పావు వంతు తీసుకుని కోర్లతో భాగించాలి. 8 జీబీ, నాలుగు కోర్లయితే 1500. విండోస్‌లో బ్రౌజరు కూడా తెరిచి ఉంటే 1200కి దించండి. అక్కడ 8000 అని రాసినవాళ్ల పీసీ మౌసు కూడా కదలదు. కోర్లు కూడా అసలువే లెక్కపెట్టండి. టాస్క్ మేనేజర్ ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లు చూపించినా లోపల నిజంగా ఉన్నవి నాలుగే అయితే నాలుగే రాయాలి.

మొదటి లెక్క నీళ్లతోనే వేయండి. సెకన్లలో అయిపోతుంది. అవుట్‌పుట్ చివర ఓర్కా సవ్యంగా ముగిసిందనే లైను ఉందో లేదో చూడాలి. కానీ ఆ లైను ఉన్నంత మాత్రాన లెక్క ఒప్పని కాదు, ప్రోగ్రాం మధ్యలో చావలేదని మాత్రమే. ఆప్టిమైజేషన్ కుదిరిందనే లైను వేరుగా పైన ఉంటుంది, అది కనిపించాలి. ఆ తర్వాత ఫ్రీక్వెన్సీల పట్టీ. నీటికి తొమ్మిది వరసలుంటాయి, మొదటి ఆరూ సున్నాలు. ఆ ఆరు అణువు కదలడం, తిరగడం. మిగిలిన మూడే కంపనాలు. ప్రయోగంలో అవి 1595, 3657, 3756 సెం.మీ⁻¹ దగ్గర. లెక్కలో సాగే కంపనాలు కొంచెం ఎక్కువగా వస్తాయి. హార్మోనిక్ అని అనుకోవడం వల్ల వచ్చే తేడా అది, బీ3ఎల్‌వైపీకి సుమారు 0.96తో గుణించడం ఆనవాయితీ. పట్టీలో మైనస్ గుర్తుతో, పక్కన ఊహాత్మకం అనే హెచ్చరికతో ఒక వరస కనిపిస్తే అణువు లోయ అడుగున లేదు, దిబ్బ మీద నిలబడి ఉందన్నమాట. ఆ కంపనం దిశలో పరమాణువుల్ని కాస్త జరిపి మళ్లీ ఆప్ట్ వేయాలి.

శక్తి హార్ట్రీల్లో ఇస్తుంది. నీటికి మైనస్ 76.3, 76.4 మధ్య వస్తుంది. ఒక హార్ట్రీ అంటే మోలుకు 627.5 కిలో కేలరీలు, అంటే నీటి లెక్క మోలుకు దాదాపు 48 వేల కిలో కేలరీలు. రెండు నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధం విలువ మోలు జంటలకు 5 కిలో కేలరీల చుట్టూ. అంత పెద్ద అంకెల తేడాలో ఇంత చిన్నదాన్ని వెతకడమంటే, పలాసలో జీడిపిక్కల లారీని డ్రైవరుతో ఒకసారి, డ్రైవరు లేకుండా ఒకసారి కాటా వేసి తీసివేతతో డ్రైవరు బరువు చెప్పినట్టు. కాటా రెండుసార్లూ ఒక్కటే అయి ఉండాలి. ఒకదానికి డెఫ్2-ఎస్‌వీపీ, రెండోదానికి డెఫ్2-టీజెడ్‌వీపీ వాడి తీసివేస్తే వచ్చేది చెత్త. రెండింటికీ చిన్న ఎస్‌వీపీయే వాడినా బంధం బలం ఉన్నదానికంటే బాగా ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే ఒక అణువు పక్కదాని బేసిస్‌ను అరువు తెచ్చుకుంటుంది. బేసిస్ సెట్ సూపర్‌పొజిషన్ ఎర్రర్ అని పరీక్షలో రాసేది దీని గురించే. ఆ అరువును లెక్కలోంచి తీసేసే కౌంటర్‌పాయిజ్ సవరణ వేయాలి, లేదా బేసిస్ పెంచాలి.

ఇదే దారిలో ఇంకో చిక్కు: ఓర్కాలో బీ3ఎల్‌వైపీ అన్నదీ, గాసియన్ అనే ఇంకో ప్రోగ్రాంలో బీ3ఎల్‌వైపీ అన్నదీ ఒకటి కాదు. లోపల వాడే ఒక కొరిలేషన్ సూత్రం వేరు, మొత్తం శక్తిలో రెండో దశాంశం దగ్గరే తేడా పడుతుంది. గాసియన్ అంకెలతో పోల్చాలంటే ఓర్కాలో బీ3ఎల్‌వైపీ తర్వాత వాలు గీత (/) పెట్టి జీ అని చేర్చాలి. పాత థీసిస్‌లోని అంకె రాలేదని గైడు దగ్గర చీవాట్లు తినేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇప్పుడు ఆ రెండంకెలు. నైట్రిక్ ఆక్సైడ్‌కి 15 ఎలక్ట్రాన్లు. దానికి 0 1 ఇస్తే ఓర్కా ఊరుకోదు, బేసి ఎలక్ట్రాన్లకు ఈ మల్టిప్లిసిటీ అసాధ్యమని ఆపేస్తుంది. ఆక్సిజన్‌కి 0 1 ఇస్తే మాత్రం కిక్కురుమనదు. 16 ఎలక్ట్రాన్లు, సరిసంఖ్య, దాని దృష్టిలో తప్పేమీ లేదు. కానీ ఆక్సిజన్ మామూలు స్థితి ట్రిప్లెట్ (జత కుదరని ఎలక్ట్రాన్లు రెండు), 0 3 ఇవ్వాలి. ప్రయోగంలో సింగ్లెట్ (మల్టిప్లిసిటీ 1 ఉన్న స్థితి) దానికంటే సుమారు 22.5 కిలో కేలరీలు పైన ఉంది, ఓర్కాతో మామూలుగా వేసిన సింగ్లెట్ లెక్క ఇంకా పైన చూపిస్తుంది. ఆ శక్తితో దహన ఉష్ణం లెక్కగడితే ప్రోగ్రాం సవ్యంగా ముగుస్తుంది, జవాబు మాత్రం తప్పు.

దీనికంటే ప్రమాదకరమైనది మందుల అణువుల్లో వస్తుంది. చాలా మందులు హైడ్రోక్లోరైడ్ లవణాలుగా ఉంటాయి. డేటాబేసు నుంచి దించిన నిర్మాణంలో క్లోరైడ్ తీసేసి, ప్రోటాన్ పట్టిన నైట్రోజన్‌ను అలాగే ఉంచి 0 1 రాస్తారు. ఛార్జి 1 అని రాయాల్సిన చోట 0 రాయడంతో ఎలక్ట్రాన్లు ఒకటి ఎక్కువై బేసి అవుతాయి, ఓర్కా ఆపుతుంది. అప్పుడు చాలామంది చేసే పని మల్టిప్లిసిటీని 2కి మార్చడం. ఎర్రరు పోతుంది, లెక్క నడుస్తుంది, అందమైన ఆర్బిటల్ బొమ్మలు కూడా వస్తాయి. అవి మందువి కావు, ఏ సీసాలోనూ లేని ఒక రాడికల్‌వి. హోమో, లూమో (ఎలక్ట్రాన్లు నిండిన అన్నిటికంటే పై ఆర్బిటల్, ఖాళీగా ఉన్న అన్నిటికంటే కింది ఆర్బిటల్) తేడా అంటూ పోస్టరు వేసే ముందు ఎలక్ట్రాన్లను కాగితం మీద ఒకసారి కూడుకోండి. పరమాణు సంఖ్యలు కూడి ఛార్జి తీసేస్తే చాలు.

మన జిల్లాకు తగిన సాధన అణువు కావాలంటే జీడి తొక్క నూనె ఉంది. చేతికి తగిలితే పొక్కించే ఆ నూనెలో ప్రధానమైనది అనకార్డిక్ ఆమ్లం. సాలిసిలిక్ ఆమ్లానికి ఆరో స్థానంలో పదిహేను కార్బన్ల తోక తగిలిస్తే అదే. నూనెను 180 డిగ్రీల పైన కాచితే కార్బన్ డయాక్సైడ్ వదిలేసి కార్డనాల్ అవుతుంది. తోకలో ద్విబంధాలు లేకపోతే పూర్తి అణువు 61 పరమాణువులు, తోక ఎటు పడితే అటు మెలికలు తిరుగుతుంది. మొదటిసారికి తోకను మిథైల్‌గా కత్తిరించండి. అప్పుడు మొదలు 6-మిథైల్ సాలిసిలిక్ ఆమ్లం, 19 పరమాణువులు. చివర మెటా క్రెసాల్ 16, కార్బన్ డయాక్సైడ్ 3. మూడు ఇన్‌పుట్లు, మూడింటికీ ఒకే పద్ధతి, ఒకే బేసిస్, 0 1. భోజనం చేసి వచ్చేలోగా అయిపోతాయి. ఒక్కో అవుట్‌పుట్‌లో చివరి గిబ్స్ శక్తి లైను తీసుకుని కుడివైపు మొత్తం నుంచి ఎడమవైపుది తీసేయాలి. ఒక అణువు రెండుగా విడిపోతుంది కాబట్టి ఎంట్రోపీ వాటా గది ఉష్ణోగ్రత దగ్గరే 10 కిలో కేలరీల చుట్టుపక్కల ఉంటుంది. ఫ్రెక్ బ్లాకులో ఉష్ణోగ్రతను 453 కెల్విన్‌కు మార్చి చూస్తే ఆ వాటా ఎలా పెరుగుతుందో అంకెల్లో కనిపిస్తుంది. ఇది చర్య ఎటు మొగ్గుతుందో చెబుతుంది, ఎంత వేగంగా జరుగుతుందో చెప్పదు. వేగం కావాలంటే ట్రాన్సిషన్ స్టేట్ (చర్య దారిలో ఎత్తైన మలుపు) వెతకాలి, అది వేరే కష్టం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సాలిసిలిక్ తలలో ఫీనాల్ హైడ్రోజన్ పక్కనున్న కార్బొనైల్ ఆక్సిజన్ వైపు తిరిగి హైడ్రోజన్ బంధం కట్టుకుంటుంది. అవొగాడ్రోలో గీసినప్పుడు ఆ హైడ్రోజన్ అవతలి వైపు తిరిగి ఉంటే ఆప్ట్ దాన్ని ఇవతలికి తిప్పదు, దగ్గరి లోయలోకి దించేసి ఊరుకుంటుంది. ఫ్రీక్వెన్సీలన్నీ ధనాత్మకమే, హెచ్చరిక ఒక్కటీ రాదు, శక్తి మాత్రం చాలా కిలో కేలరీలు ఎక్కువ. రెండు వైపులా తిప్పి వేసి, తక్కువ వచ్చిందే వాడాలి. పదిహేను కార్బన్ల తోక పెట్టాక చేత్తో తిప్పి చూడటం అసాధ్యం, 6వ వెర్షన్‌లో వచ్చిన గోట్ అనే వెతుకులాట పరికరం ఆ పని చేస్తుంది. దాన్ని మామూలుగా ఎక్స్‌టీబీ అనే వేగవంతమైన ఉజ్జాయింపు పద్ధతితో కలిపి నడుపుతారు. ఎక్స్‌టీబీ ఓర్కాతో రాకపోతే విడిగా దించి, పేరు మార్చి, ఓర్కా ఫోల్డరులో పెట్టాలి. మాన్యువల్‌లో ఉంది గానీ వెయ్యి పేజీలు దాటిన మాన్యువల్‌లో ఎక్కడుందో వెతకడమే పని. తోకలున్న అణువులకు డీ3బీజే లేదా డీ4 డిస్పర్షన్ సవరణ మరవొద్దు, అది లేని బీ3ఎల్‌వైపీకి తోకలు ఒకదాన్నొకటి లాక్కుంటాయని తెలియదు.

బీ3ఎల్‌వైపీ అలవాటు లేని కొత్తవాళ్లకు ఆర్2స్కాన్-3సి మంచి ఎంపిక. బేసిస్, డిస్పర్షన్ అన్నీ అందులోనే ఉంటాయి, వేరే ఏమీ రాయక్కర్లేదు. ల్యాబులో ఇంకా 5వ వెర్షనే ఉంటే ఈ పద్ధతికి ఫ్రెక్ బదులు న్యూమ్‌ఫ్రెక్ వాడాలి. 19 పరమాణువులకు 114 చిన్న చిన్న లెక్కలు వేస్తుంది, రాత్రికి వదిలేయండి.

రాత్రికి వదిలేయడమంటే కరెంటు గుర్తుకొస్తుంది. తుపాను రోజుల సంగతి సరే, మామూలు రోజుల్లో కూడా రెండు నిమిషాల కోత చాలు, ఆరు గంటల లెక్క పోతుంది. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉంటే చిన్న కోతలు గడుస్తాయి. పోయినా అంతా పోదు. ఆప్ట్ మధ్యలో ఆగితే అదే పేరుతో ఎక్స్‌వైజడ్ ఫైలులో ఆఖరి ఆకారం ఉంటుంది, దాన్ని కొత్త ఇన్‌పుట్‌లో పెట్టుకోవాలి. జీబీడబ్ల్యూ ఫైలులో ఆర్బిటల్స్ ఉంటాయి. ఆప్ట్‌కి ఓర్కా దాన్ని తనంతట చదవదు, ఆ ఫైలు పేరు మార్చి ఎంఓరీడ్ (ఆర్బిటల్స్ చదువు) అని చెప్పాలి. పేరు మార్చకుండా అదే పేరుతో నడిపితే పాతది చెరిగిపోతుంది. మే నెలలో ల్యాప్‌టాప్ మీద నాలుగు కోర్లూ పూర్తిగా పెట్టి గంటల తరబడి వదిలితే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, మూడు కోర్లు ఇస్తే కొన్నిసార్లు అదే ముందు ముగుస్తుంది.

మిగతావాటితో పోలిస్తే: గాసియన్‌కు తోడుగా గాస్‌వ్యూ తెర ఉంది, గీసి నొక్కడమే, కానీ డబ్బు పెట్టాలి. ఎక్కడిదో తెలియని కాపీతో పేపరు రాస్తే వెర్షన్ ఉదహరించాల్సిన చోట ఇరుక్కుంటారు. సై4, పైఎస్‌సీఎఫ్ ఓపెన్ సోర్స్, పైథాన్ వచ్చినవాళ్లకు ఓర్కా కంటే అవే సుఖం. ఓర్కా పైచేయి అయ్యేది లోహ సంక్లిష్టాల వర్ణపటాల్లో, డీఎల్‌పీఎన్‌ఓ కపుల్డ్ క్లస్టర్ అనే చాలా కచ్చితమైన లెక్కల్లో. ఆ రెండోది 8 జీబీ పీసీలో చిన్న అణువులకే. దానికి మామూలు బేసిస్‌తోపాటు సి గుర్తు ఉన్న సహాయక బేసిస్ కూడా రాయాలి, లేకపోతే మొదట్లోనే ఆగుతుంది.

కొత్త వెర్షన్ వచ్చిందని ప్రాజెక్టు మధ్యలో మార్చొద్దు. 4 నుంచి 5కి గ్రిడ్లు, డీఫాల్టులు మారాయి. సగం అణువులు పాతదానితో, సగం కొత్తదానితో వేసి తీసివేస్తే పైన చెప్పిన రెండు కాటాల బాధే. వెర్షన్ అంకె ప్రతి అవుట్‌పుట్ పైభాగంలో అచ్చయి ఉంటుంది. పాత ఫోల్డరు తీసేయకుండా కొత్తదాన్ని వేరే పేరుతో పక్కన పెట్టుకోండి, రెండూ గొడవపడకుండా ఉంటాయి.